ఎగిరిపడ్డ సైను వేవు, 1956 నాటి చిట్కా

మొన్నామధ్య ఒక సైను వేవు నాకు మూడు రోజులు నిద్ర లేకుండా చేసింది. ఎఫ్‌పీజీఏలో సైను, కొసైను పుట్టించే కార్డిక్ బ్లాకు ఒకటి రాశాను. శుక్రవారం డెమో. సిమ్యులేటర్లో చూస్తే సైను చక్కగా పైకెక్కుతోంది, 37 డిగ్రీలు దాటగానే ధబేల్మని మైనస్‌లోకి పడిపోతోంది. కొసైను ఇంకా ఘోరం. సున్నా డిగ్రీల దగ్గర 32767 రావాల్సింది, మైనస్ 11577 దగ్గర్లో ఏదో వస్తోంది. టూలుని తిట్టుకుని వెర్షన్ మార్చాను. లాభం లేదు. విసిగిపోయి, అసలు ఈ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో చదవడం మొదలుపెట్టా.

సైనుకి పాత మందు పట్టిక. 499లో ఆర్యభటుడు 90 డిగ్రీలని 24 భాగాలు చేసి, 3438 వ్యాసార్ధానికి జ్యా ఒక్కో మెట్టుకీ ఎంత పెరుగుతుందో ఇచ్చాడు: 225, 224, 222, 219... కూడుకుంటూ పోతే పట్టిక తయారు. అన్నట్టు, ఆ జ్యాయే అరబ్బీ మీదుగా లాటిన్ చేరి సైను అయింది. ఇప్పటి చిప్పుల్లోనూ మెమరీలో పావు వేవు పట్టిక పెట్టి మిగతాది దాన్నుంచే లాగడం మామూలే. కాకపోతే ఖచ్చితత్వం పెంచేకొద్దీ పట్టిక ఉబ్బిపోతుంది.

1956లో అమెరికాలోని కాన్వేర్ కంపెనీలో జాక్ వోల్డర్ ముందున్న చిక్కు వేరు. బి-58 బాంబరు విమానంలో దారి లెక్కగట్టే అనలాగ్ పరికరం బదులు డిజిటల్‌ది కావాలి. గుణకారానికి హార్డ్‌వేర్ బోలెడంత ఖర్చు. అందుకే బాణాన్ని ఒకేసారి తిప్పకుండా విడతలుగా తిప్పాడు. 30 డిగ్రీలు కావాలనుకోండి. ముందు 45 తిప్పు, ఎక్కువైంది, 26.565 వెనక్కి, మళ్ళీ 14.036 ముందుకి, 7.125 వెనక్కి... ఈ కోణాల టాంజెంట్లు 1, 1/2, 1/4, 1/8. రెండుతో భాగించడమంటే బైనరీలో బిట్లని ఒక గడి జరపడమే కదా! కూడిక, తీసివేత, జరపడం, అంతే.

కానీ ఊరికే ఏదీ రాదు. ఎటు తిప్పినా ప్రతిసారీ బాణం కాస్త సాగుతుంది. అన్నీ కలిసి 1.6468 రెట్లు. నేను 32767తో మొదలుపెడితే అది 53959 అయ్యి, 16 బిట్లలో పట్టక మైనస్‌లోకి తిరిగింది. 1.6468తో భాగించి 19897తో మొదలుపెట్టాను. వేవు బుద్ధిగా నిలబడింది :)

ఇంకో మెలిక ఉంది. ఈ కోణాలన్నీ కూడినా 99.88 డిగ్రీలే. అంతకు మించితే కోణాన్ని ముందే మొదటి లేదా నాలుగో పాదంలోకి తెచ్చుకుని, చివర్లో గుర్తులు మార్చుకోవాలి.

1959లో అచ్చయిన వోల్డర్ పేపర్లోనే ఆ సాగుడు సంగతి ఉంది. 1971లో హ్యూలెట్ పాకార్డ్‌లో జాన్ వాల్తర్ ఇదే పద్ధతిని లాగరిథమ్‌లకీ, వర్గమూలాలకీ విస్తరించాడు. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 జేబు కాలిక్యులేటర్ కూడా ఇలాంటి చిట్కాలతోనే నడిచింది.

మనం కోడు కాపీ కొడతాం, దాని వెనకున్న ఇబ్బందిని మాత్రం వదిలేస్తాం. వోల్డర్ గుణకారం ఎందుకు మానేశాడో ముందే తెలుసుకునుంటే, ఆ సాగుడు ఎక్కణ్ణుంచి వస్తోందో మొదటి రోజే పట్టుకునేవాణ్ణి. పాపం, టూలు తప్పేం లేదు.