బొబ్బిలి తరువాత చందుర్తి

చీపురుపల్లి కూడలిలో నిలబడి చూస్తే ఒక దారి విజయనగరానికి పోతుంది, ఒక దారి రాజాముకు పోతుంది. బొబ్బిలి కథ విన్నవారికి ఈ రెండు ఊళ్ల పేర్లే చాలు. ఒకటి పూసపాటివారి కోట ఉన్న ఊరు. రెండవది తాండ్ర పాపారాయుడి ఊరు. చిన్నతనంలో మేము బొబ్బిలి యుద్ధం ఆట ఆడుకునేవాళ్లం. పాపారాయుడి వేషానికి అయిదారుగురు పోటీ పడేవారు. విజయరామరాజు వేషానికి మాత్రం ఎవరూ దొరికేవారు కాదు. చివరికి అందరికన్నా చిన్నవాణ్ణి బెదిరించి ఆ పాత్ర అంటగట్టేవాళ్లం. గుడారంలో రాజు హతుడు కాగానే ఆట ముగిసేది.

ఆ తరువాత ఏమయిందన్న ప్రశ్న మాలో ఎవరికీ తోచలేదు. నాకు తోచడానికి చాలా ఏళ్లు పట్టింది. వెతుక్కుంటూ పోతే తెలిసినదేమంటే, మన ఉత్తరాంధ్రను రెండు శతాబ్దాల పాటు ఎవరు ఏలాలో తేల్చినది బొబ్బిలి కోట కాదు. ఆ తరువాత ఏడాదిన్నరకు విజయనగరంలో ఒక యువరాజు తీసుకున్న నిర్ణయం.

ముందుగా కొంత పూర్వరంగం చెప్పాలి. 1753లో దక్కను సుబేదారు సలాబత్ జంగు తన కొలువులోని ఫ్రెంచి సైన్యపు జీతబత్యాల కోసం ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కారులను ఫ్రెంచి సేనాని బూసీ పరం చేశాడు. చికాకోలు అంటే మన శ్రీకాకుళమే. ఇక్కడి రైతు కట్టే శిస్తు ఎవరికి ముట్టాలో ఎక్కడో ఔరంగాబాదులో నిర్ణయమయింది. చికాకోలు ఫౌజుదారు జాఫర్ అలీ ఖాను దీనిని ఒప్పుకోక 1754లో మరాఠాలను పిలిపించాడు. వారు దోచుకున్నంత దోచుకుని వెళ్లిపోయారు. బయటివారిని పిలవడం అనేది ఆనందరాజుతో మొదలు కాలేదని చెప్పడానికే ఈ మాట.

పూసపాటి విజయరామరాజు మాత్రం బూసీతో చెలిమి చేశాడు. బొబ్బిలి వదలి మరొకచోట ఇంకా పెద్ద భూములు తీసుకొమ్మని రంగారావును అడిగారు. ఆయన కాదన్నాడు. 1757 జనవరి 24న కోట కూలింది. మూడు రాత్రులు తిరగకుండానే విజయరామరాజు తన గుడారంలోనే ప్రాణాలు కోల్పోయాడు. ఇక్కడి వరకు మనకందరికీ తెలిసిన కథ.

ఆయన తరువాత గద్దెనెక్కినవాడు ఆనందరాజు. వారసత్వం విషయంలో బూసీ పెట్టిన షరతులు అతనికి నచ్చలేదు. నచ్చలేదని బయటపడనూ లేదు. బూసీ పెద్ద సైన్యంతో ఎదుట ఉన్నంతకాలం కోపాన్ని మనసులోనే దాచుకున్నాడు. 1758లో ఫ్రాన్సునుండి కొత్తగా వచ్చిన గవర్నరు లాలీ, మద్రాసు మీద దండెత్తే ఉద్దేశంతో బూసీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఇక్కడ కాన్‌ఫ్లాన్స్ అనే సేనాని మిగిలాడు. ఆనందరాజు ఎదురుచూస్తున్న అదను అదే. ఆ సెప్టెంబరులో విశాఖపట్నంలో ఉన్న ఫ్రెంచివారిని పట్టుకుని, ఊరిని స్వాధీనం చేసుకుని, సాయం రమ్మని ఇంగ్లీషువారికి కబురంపాడు.

మద్రాసువారు మా కోట కాపాడుకోవడమే మాకు కష్టంగా ఉంది, రాలేమన్నారు. కబురు కలకత్తాకు వెళ్లింది. అక్కడ క్లైవు ఉన్నాడు. ప్లాసీ గెలిచి ఏడాది దాటింది, బెంగాలు ఇంకా కుదుటపడలేదు. ఇలాంటి సమయంలో సైన్యాన్ని బయటికి పంపడం తగదని కౌన్సిలులోనివారు అన్నా అతడు వినలేదు. కర్నల్ ఫోర్డు వెంట 500 మంది తెల్లవారిని, 2,000 మంది సిపాయిలను ఓడలెక్కించి పంపాడు. వారు అక్టోబరులో విశాఖపట్నంలో దిగారు.

ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ అప్పుడు యూరపులో యుద్ధం జరుగుతోంది. 1756లో మొదలై 1763 వరకు సాగిన ఆ సప్తవర్ష సంగ్రామానికి కారణాలు మన ఎండలెరుగనివి. ఆ యుద్ధం చంపావతి, గోస్తనీ నదుల మధ్యకు తనంతట తాను నడిచి రాలేదు. ఒక నాయకుడు తన పగ తీర్చుకోవడానికి గడియ తీసి పిలిచాడు. మరొక నాయకుడు దూరదేశపు లెక్కలు వేసుకుని వచ్చాడు.

ఆనందరాజుకూ ఫోర్డుకూ ఒప్పందం కుదిరింది. సైన్యం ఖర్చులు రాజు భరించాలి. గెలిచిన ప్రాంతంలో లోపలి భూములు రాజువి. సముద్రతీరమూ, నదీముఖాల వద్ద ఊళ్లూ కంపెనీవి. నన్ను చాలాకాలం ఆలోచింపజేసినది ఈ షరతే. తరతరాలుగా మన రాజుల దృష్టిలో సంపద అంటే పంట, శిస్తు. ఆనందరాజు కూడా భూమినే లెక్కపెట్టుకున్నాడు. ఎదుటివాడి సైన్యమూ, సరుకూ, డబ్బూ అన్నీ సముద్రం మీదనే వస్తాయని, తీరాన్ని ఇచ్చివేస్తే లోపలి భూమి తాళంచెవి కూడా అతని చేతికే పోతుందని లెక్కపెట్టలేదు.

1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తి వద్ద యుద్ధం జరిగింది. ఫోర్డు సిపాయిలు తెల్లవారిలాగానే ఎర్రకోట్లు తొడుక్కున్నారు. ఫ్రెంచివారు వారినే ఇంగ్లీషు సేన అనుకుని మీదపడ్డారు. పైరు చాటున ఉన్న అసలు తెల్ల సేన పక్కనుండి తుపాకులు పేల్చింది. ఆనందరాజు సైన్యం ఒక చెరువు పల్లంలో దాగి ఉండటం తప్ప చేసినది చాలా తక్కువ. గెలిచాక కూడా రాజు ఒప్పుకున్న డబ్బు ఇవ్వడంలో జాప్యం చేయగా ఫోర్డు రోజుల తరబడి కదలలేకపోయాడు. అయినా 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుబడింది. మే నెలలో సలాబత్ జంగు మచిలీపట్నాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చి, ఫ్రెంచివారిని తన రాజ్యంనుండి పంపివేయడానికి ఒప్పుకున్నాడు. ఆ విజయం తరువాత ఆనందరాజు ఎంతోకాలం బ్రతకలేదు. రాజమహేంద్రవరంలో మశూచికంతో మరణించాడు.

అతణ్ణి దేశద్రోహి అనడం సులభం. నేను అనలేను. భారతదేశమనే ఒకే రాజ్యం అప్పుడు లేదు. అతనికి దేశమంటే తన సంస్థానమే. ఫ్రెంచివారిని తెచ్చినవాడూ అతడు కాదు. కానీ ఏలికకు కోపం రావడం వేరు, ఆ కోపమే రాజనీతి కావడం వేరు. రేపు ఈ కొత్త మిత్రుణ్ణి వెళ్లిపొమ్మనే శక్తి నాకుంటుందా అన్న ఒక్క ప్రశ్న వేసుకొని ఉంటే బాగుండేదనిపిస్తుంది. విజయరామరాజు బూసీ విషయంలో ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆనందరాజు ఫోర్డు విషయంలో వేసుకోలేదు.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో సర్కారులు కంపెనీకి దఖలయ్యాయి. ఆనందరాజుకు సంతానం లేదు. దత్తుడిగా వచ్చి గద్దెనెక్కిన బాలుడికి కూడా విజయరామరాజనే పేరు పెట్టారు. అతడు పెద్దవాడయ్యాక కంపెనీ పేష్కషు బకాయిలు చూపి, సంస్థానం వదిలి మచిలీపట్నం వెళ్లి ఉండమని ఆజ్ఞాపించింది. ఆ ఊరి పేరు చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. ముప్ఫయి నాలుగేళ్ల క్రితం పూసపాటివారు కంపెనీకి తోడు నిలిచి గెలిపించిన కోట ఉన్న ఊరది. అతడు వెళ్లలేదు. 1794 జులై 10న పద్మనాభం వద్ద కంపెనీ సిపాయిలతో పోరాడి మరణించాడు. అదే సంవత్సరం కంపెనీ బొబ్బిలి రంగారావు కుమారుడికి వారి సంస్థానం తిరిగి ఇచ్చింది. ఏ రెండు వంశాల వైరంతో ఈ కథ మొదలయిందో, ఆ రెండింటికీ ఇవ్వడమూ తీసుకోవడమూ చేసే దొర ఒక్కడే అయ్యాడు.

బొబ్బిలికి పాట ఉంది, కావ్యం ఉంది, సినిమాలు ఉన్నాయి. చందుర్తికి ఏదీ లేదు. అక్కడ పాడదగిన మరణాలు లేవు, ఒక ఒప్పందం మాత్రమే ఉంది. మనం శౌర్యాన్ని గుర్తుపెట్టుకున్నంతగా నిర్ణయాన్ని గుర్తుపెట్టుకోము. కోటలో చనిపోయినవారిని తలచుకుంటాము, కోట మీదికి ఎవరిని ఎవరు ఎందుకు పిలిచారో అడగము.

చీపురుపల్లిలో రైలెక్కి రాజమండ్రి వైపు వెళ్లేటప్పుడు తుని, అన్నవరం దాటాక గొల్లప్రోలు వస్తుంది. నేను మాత్రం ఆ స్టేషను వచ్చేసరికి కిటికీ పక్కకు జరుగుతాను. చూడటానికి ఏమీ ఉండదు, పొలాలే. ఈసారి మీరు ఆ దారిన వెళ్తే ఒకసారి చూడండి.