ట్రంకేషన్

కొమ్మలు నరికిన చెట్టు మొద్దుకూ, తల లేని మొండేనికీ లాటిన్‌లో ఒకటే మాట: ‘ట్రుంకుస్’. దాన్నుంచి నరకడమనే అర్థంలో ‘ట్రుంకారే’, అక్కణ్నుంచి ఇంగ్లీషు ‘ట్రంకేట్’ వచ్చాయి. గణితంలో ట్రంకేషన్ అంటే దశాంశాల తోక కోయడం. నెట్‌వర్క్ భద్రతలో అయితే అదొక దాడి పేరు: సందేశాన్ని మధ్యలో తెంపి, వచ్చినదే మొత్తమని నమ్మించడం.

నెట్‌లో డేటాను చేరవేసే టీసీపీ ప్రోటోకాల్ ముగింపు సంకేతాన్ని దారిలో ఉన్నవాళ్లు నకిలీ చేయగలరు. అందుకే 1996 నాటి భద్రతా ప్రోటోకాల్ ఎస్‌ఎస్‌ఎల్ 3.0 ‘క్లోజ్ నోటిఫై’ని తెచ్చింది. ‘నేను పంపాల్సింది అయిపోయింది’ అని చెప్పే, నకిలీకి లొంగని కబురు అది. అది అందకుండానే కనెక్షన్ మూతపడితే, డేటా తెగిందేమోనని అనుమానించాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 లైబ్రరీ దీన్ని ఎర్రర్‌గానే చూపిస్తుంది.

దాడి లేకపోయినా ఆఖరి బైట్లు మాయమవుతుంటే మన ప్రోగ్రామునే చూసుకోవాలి. వచ్చిన డేటా చదవకుండా సాకెట్ మూసేస్తే లినక్స్ కనెక్షన్‌ను హఠాత్తుగా తెంచే రీసెట్ సంకేతం పంపుతుంది. అవతలివైపు అందినా ఇంకా చదవని డేటా కూడా దాంతో పోవచ్చు. ముందు క్లోజ్ నోటిఫై పంపాలి, అవతలి ముగింపు వచ్చేదాకా చదవాలి, ఆ తర్వాతే మూయాలి. ఎస్‌ఎస్‌ఎల్ వారసుడైన, 2018 నాటి టీఎల్‌ఎస్ 1.3లో ఒక వైపు ముగించినా రెండోవైపు తన డేటా పూర్తిగా పంపుకోవచ్చు.