గంధరాజం వెనక ఒక డాక్టర్ కథ

మా బాల్కనీకి ఎదురుగానే ఇంకో అపార్ట్‌మెంట్ ఉంది. పొద్దున రెండు మూడు గంటలు ఎండ పడిందంటే గొప్పే. వాసన కోసం అక్కడ మల్లె పెట్టాను. ఏడాది చూశాను, ఆకులే తప్ప ఒక్క మొగ్గ రాలేదు. మల్లెకి ఎండ బాగా తగలాలి, ఆ సంగతి నాకు లేటుగా తెలిసింది.

నీడలో పూసే వాసన పొద ఏదైనా ఉందా అని నర్సరీలో అడిగితే గంధరాజం చూపించారు. ట్యాగ్ మీద ‘గార్డెనియా’ అని ఉంది. గార్డెన్‌లో పెంచుతారు కాబట్టి ఆ పేరేమో అనుకున్నా. తీరా చూస్తే అది ఒక మనిషి ఇంటిపేరు!

ముందు మొక్క సంగతి. దీని సొంతూరు దక్షిణ చైనా, జపాన్, వియత్నాం వైపు. కొండవాలు అడవుల్లో, వాగుల పక్కన, పెద్ద చెట్ల కింద పెరిగే పొద ఇది. చైనాలో వెయ్యేళ్లకు పైగా పెంచుతున్నారు. పువ్వు కోసమే కాదు, దీని కాయల నుంచి బట్టలకి పసుపు రంగు తీసేవాళ్లు. కుంకుమపువ్వుకి రంగునిచ్చే పదార్థమే ఈ కాయల్లోనూ ఉంటుంది.

18వ శతాబ్దంలో ఇది ఓడెక్కి ఇంగ్లాండ్ చేరింది. దారిలో దక్షిణాఫ్రికాలోని కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి తెచ్చారు కాబట్టి ‘కేప్ జాస్మిన్’ అన్నారు. అది కేప్‌దీ కాదు, జాస్మినూ కాదు. రెండు తప్పులతో ఒక పేరు!

లండన్ వ్యాపారి జాన్ ఎల్లిస్‌కి మొక్కల పిచ్చి. ఇది మల్లె జాతి కాదని తేల్చి, 1761లో గార్డెనియా అని పేరు పెట్టాడు. ఎవరి పేరు? అమెరికాలోని చార్లెస్టన్‌లో వైద్యం చేసే తన స్నేహితుడు డాక్టర్ అలెగ్జాండర్ గార్డెన్‌ది. ఆయన స్కాట్లాండ్ మనిషి. అక్కడి మొక్కల్ని, చేపల్ని సేకరించి లిన్నేయస్‌కి పంపేవాడు. గంధరాజాన్ని మాత్రం ఆయన కనిపెట్టలేదు.

తర్వాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. డాక్టర్ బ్రిటిష్ రాజు వైపు, కొడుకు తిరుగుబాటు సైన్యం వైపు. 1782లో డాక్టర్ ఆస్తి జప్తు చేశారు. ఆయన లండన్ వెళ్లిపోయాడు. కొడుకు తన కూతురికి గార్డెనియా అని పేరు పెట్టినా, తాత మనసు కరగలేదనీ, ఆ పిల్లని చూడనే లేదనీ చెబుతారు. 1791లో ఆయన లండన్‌లోనే చనిపోయాడు. ఇది చదివాక కాసేపు ఆ ట్యాగ్ వంకే చూస్తూ ఉండిపోయాను.

సరే, ఇప్పుడు మన బాల్కనీకి వద్దాం. పేరు తప్పుదోవ పట్టించినా, మొక్క పుట్టిన చోటు మాత్రం నిజం చెబుతుంది. చెట్ల కింది పొద కాబట్టి గంధరాజానికి పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నపు ఎండ మాత్రం తగలకూడదు. అలాగని చీకటి మూలలో పెడితే పూయదు. అడవి మట్టిలో ఆకులు కుళ్లి పులుపు గుణం ఉంటుంది. మనం సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోస్తే మొక్కకి ఐరన్ అందక, ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపెక్కుతుంది. అందుకే నేను వాననీళ్లు పట్టి పోస్తున్నా, కుళ్లిన ఆకుల ఎరువు వేస్తున్నా.

ఇంకో రెండు ఆప్షన్లు కూడా ఉన్నాయి. నందివర్ధనం కొంచెం నీడనైనా తట్టుకుంటుంది, రాత్రిపూట సన్నగా వాసనొస్తుంది. మనోరంజితం దక్షిణ భారతం, శ్రీలంకల మొక్క. ఆకుపచ్చ పువ్వు పసుపెక్కే కొద్దీ పండిన పండు వాసన వేస్తుంది. కొక్కేలతో పాకుతుంది కాబట్టి దానికి ఊతం ఇవ్వాలి.

ఈసారి నర్సరీకి వెళ్తే పేరుతో పాటు ఇంకోటి కూడా అడగండి: “అన్నా, ఇది ఎక్కడ పుట్టిన మొక్క?” నేను అది అడగకనే మల్లెతో ఒక ఏడాది పోగొట్టుకున్నా.