ఉద్యోగం మానకుండా డిగ్రీ

భారతదేశ పటంలో బాసగూడను వెతకండి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తాలిపేరు ఒడ్డున ఉన్న ఊరు ఇది. ఆ నీళ్లే దిగువకు వచ్చి, చర్ల దగ్గరి ప్రాజెక్టును నింపి గోదావరిలో కలుస్తాయి. ఇక్కడ గోండి, దోర్లీలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. బడి పాఠాలు మాత్రం హిందీలో. పగలంతా పనిచేసే యువకుడు ఇలాంటి చోట డిగ్రీ చదవాలనుకుంటే దారేమిటి? జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్దాం.

తరగతికి రాకపోయినా పరీక్ష రాయనిచ్చే పద్ధతిని లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే తెచ్చింది. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోను కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించాయి. ఇవేవీ అందనివారు ‘ప్రైవేటుగా కట్టేవారు’. ఎవరి నోట్సో అరువు తెచ్చుకుని, రాత్రిళ్లు చదివి, సెలవు పెట్టి పరీక్ష రాసిన బడిపంతుళ్లు, గుమాస్తాలు మన కుటుంబాల్లో తప్పకుండా ఉంటారు. మీ తాతగారినో, పెదనాన్ననో అడిగి చూడండి.

అయితే ఈ దారులకు ఒక గడప ఉంది. ముందు మెట్టు చదువు పూర్తయి ఉండాలి. పదహారేళ్లకే పనిలో చేరినవాడు అక్కడే ఆగిపోయేవాడు. ఆ గడపను తగ్గించింది 1982 ఆగస్టులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలో ఈ తరహా సంస్థల్లో ఇదే మొదటిది. 1969లో ఏర్పడిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ దీనికి ఆదర్శం. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి రాజనీతి శాస్త్రవేత్త. ఇంటర్ లేనివారు కూడా అర్హత పరీక్షలో నెగ్గితే డిగ్రీలో చేరే వీలు కల్పించారు. పాఠాలు తెలుగులో అచ్చయ్యాయి. ఆదివారాలు, సెలవు రోజుల్లో మామూలు కాలేజీల గదులే అధ్యయన కేంద్రాలయ్యాయి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, దాని తొలి ఉపకులపతిగా వెళ్లింది కూడా రాంరెడ్డిగారే. హైదరాబాద్ సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

సైన్సు పాఠాలు చెప్పేవాడిగా నాకు ఎప్పుడూ ఒక సందేహం. చరిత్ర పుస్తకం పోస్టులో పంపవచ్చు, బ్యూరెట్టును ఎలా పంపుతాం? బ్రిటన్ వారు 1970లలో చిన్న ప్లాస్టిక్ మైక్రోస్కోపుతో సహా ప్రయోగ సామగ్రిని పెట్టెలో పెట్టి విద్యార్థి ఇంటికే పంపారు. మనవారు కాలేజీ ప్రయోగశాలను సెలవు రోజున తెరిపించారు. మనది చవకైన పద్ధతే, కాని ఆ కాలేజీకి చేరుకునే బాధ్యత విద్యార్థిది. ద్రావణం రంగు మారే ఆ ఒక్క చుక్కను కంటితో చూడకుండా టైట్రేషన్ నేర్చుకోవడం కుదరదు. టెలివిజన్ పాఠం దానిని చూపగలదు, చేయించలేదు.

ఇప్పుడు మళ్లీ బాసగూడకు వద్దాం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో బిలాస్‌పూర్ కేంద్రంగా పండిత్ సుందర్‌లాల్ శర్మ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. బాసగూడ నుంచి అది 500 కిలోమీటర్లకు పైనే. అదే ఏడాది బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు, సల్వాజుడుంకు, భద్రతా బలగాలకు మధ్య నలిగి ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, కొందరు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చేశారు. ఎన్నో బడులు మూతపడ్డాయి. దూరవిద్యకు కూడా ముందు దగ్గరలో ఒక బడి ఉండాలని అప్పుడే తెలిసింది. అర్హత పరీక్షకు కూర్చోవాలన్నా అక్షరం రావాలి కదా!

డిగ్రీ విలువ గురించి కూడా తెలుసుకోవాలి. మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా తెచ్చుకున్న పీజీ చెల్లదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకే ఫీజు కట్టే ముందు, ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఇక బాసగూడ యువకుడికి లెక్క వేరుగా ఉంటుంది. అతడు సైన్సు కోర్సు ఎంచుకుంటే, రెండు గంటల ప్రాక్టికల్‌కు రానూపోనూ బస్సు ఛార్జీతో పాటు ఆ రోజు కూలిని కూడా ఖర్చు కింద రాసుకోవాలి.