రెక్క ఆగింది 1882లో, పక్షి చిక్కింది వందేళ్లకు

ఎగిరే సముద్రపక్షిని ఫోటో తీయడంలో కష్టమేమిటని అడిగితే చాలామంది దాని వేగమే అంటారు. చరిత్ర చూస్తే ఆ చిక్కు మొదట్లోనే విడిపోయింది. గాలివాటున దిశ మార్చుకుంటూ పోయే పక్షిని ఫ్రేములోంచి జారిపోకుండా, ఫోకస్ చెదరకుండా వెంటాడడమే అసలు కష్టం. దానికి వందేళ్లకు పైగా పట్టింది.

కథ ఫ్రాన్సు శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారేతో మొదలవుతుంది. నాడి కొట్టుకోవడం నుంచి పురుగు రెక్క ఆడడం దాకా, ప్రాణుల కదలికలను కొలవడమే ఆయన జీవితకాల కృషి. 1878లో కాలిఫోర్నియాలో ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన పరుగెత్తే గుర్రాల ఫోటోలు చూసి, పక్షులనూ అలా తీయవచ్చు కదా అని ఆయన ఆశపడ్డాడు. 1881లో పారిస్ వచ్చిన మైబ్రిడ్జ్ పావురాల ఫోటోలు చూపించాడు. మారేకు కావలసింది ఒకే పక్షి రెక్క వరుసగా ఎలా లేచి ఎలా దిగుతుందో తెలిపే చిత్రాలు. అవి ఆ ఫోటోల్లో దొరకలేదు. దాంతో పరికరాన్ని తానే తయారుచేసుకున్నాడు.

1882లో పుట్టిన ఆ పరికరం అచ్చంగా తుపాకీయే. గొట్టంలో లెన్సు, తూటాలుండే చోట గుండ్రంగా తిరిగే గాజుపలక. ట్రిగ్గర్ నొక్కితే సెకనుకు 12 చిత్రాలు పడేవి. ఒక్కో చిత్రానికి వెలుగు తగిలేది సెకనులో 720వ వంతు మాత్రమే. శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని చిత్రించడానికి 1874లో ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ వాడిన ఫోటో రివాల్వర్ దీనికి ప్రేరణ. నేపుల్స్ తీరాన ఆ తుపాకీని మారే సీగల్ పక్షుల మీద గురిపెట్టాడు. సీగల్ సెకనుకు రమారమి మూడుసార్లు రెక్కలాడిస్తుంది కాబట్టి ఒక్కో విసురుకు నాలుగు చిత్రాలు దక్కాయి.

ఆ బొమ్మలు చాలా చిన్నవి, ఆకాశం ముందు నల్లటి నీడల్లాంటివి. మారేకు తృప్తి కలగలేదు. తర్వాత నల్లటి తెర ముందు తెల్లటి పక్షిని ఎగరనిచ్చి, ఒకే పలక మీద దాని వరుస కదలికలన్నీ పడేలా చేశాడు. పక్కనుంచి, ముందునుంచి, పైనుంచి తీసిన చిత్రాలను కలిపి చూసి, 1887లో ఎగిరే సీగల్ దశలను శిల్పాలుగా పోతపోయించాడు. 1890లో పక్షులు ఎగిరే తీరు మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకు మించిన పని ఆ తర్వాత ఎవరూ చేయలేదు. అందమైన ఫోటో కోసం కాక, ప్రశ్నకు జవాబు కోసం కెమెరా పట్టిన మనిషి ఆయన.

మారే తర్వాత కెమెరా ప్రకృతి ప్రేమికుల చేతికి వచ్చింది. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు చెందిన కియర్టన్ సోదరులు 1896లో స్కాట్లండ్ పడమటి కొసనున్న సెయింట్ కిల్డా దీవికి వెళ్లారు. అమెరికాకు చెందిన ఫ్రాంక్ చాప్‌మన్ సెయింట్ లారెన్స్ అఖాతంలోని బర్డ్ రాక్స్ ఎక్కాడు. ఆ కాలపు చిత్రాల్లో ఎక్కువ భాగం గూళ్ల దగ్గరివే. కొండగట్టుకు కొట్టుకుని పైకెగసే గాలిలో గానెట్, ఫుల్మర్ పక్షులు దాదాపు నిలిచినట్టే తేలుతుంటాయి. ఎగిరే పక్షి ఫోటోకు అదొక్కటే అదను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన గ్రాఫ్లెక్స్ కెమెరా, సెకనులో వెయ్యోవంతు షట్టర్‌తో పాటు, మీట నొక్కేదాకా పక్షిని లెన్సులోంచే చూసే వీలు కల్పించింది.

అయినా ఫోకస్ చేతిపనే. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 35 ఎంఎం ఫిల్ము కెమెరాకు 400 ఎంఎం లెన్సు పెట్టి ఎఫ్ 5.6 దగ్గర ఉంచితే, 20 మీటర్ల దూరంలో స్పష్టంగా కనిపించే లోతు సుమారు 80 సెంటీమీటర్లు. సెకనుకు పది మీటర్ల వేగంతో ఎదురొచ్చే సీగల్ ఆ మేర దాటడానికి సెకనులో పదోవంతు కూడా పట్టదు. వేళ్లతో లెన్సు చుట్టు తిప్పి దాన్ని అందుకోవడం అసాధ్యానికి దగ్గర. జర్మనీకి చెందిన నోవోఫ్లెక్స్ సంస్థ పిస్తోలు పిడిని పిండితే ఫోకస్ మారే లెన్సులు తెచ్చింది గాని, ఆ పిడి మీద పట్టు దొరకడానికి దీర్ఘ సాధన కావాలి. పైగా కోడాక్రోమ్ 64 వంటి ఫిల్ముతో, నిండు ఎండలో ఎఫ్ 5.6 దగ్గర దక్కే షట్టర్ వేగం సెకనులో 500వ వంతే. మబ్బు పట్టిందంటే ఆ రోజు పని అయిపోయినట్టే.

1985లో మినోల్టా 7000తో ఆటోఫోకస్ జనంలోకి వచ్చింది. ఆ దశకం చివరికల్లా పక్షి తర్వాతి క్షణంలో ఎక్కడుంటుందో ముందే లెక్కగట్టే కెమెరాలు వచ్చాయి. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చాక, ఖర్చు భయం లేకుండా వందల ఫ్రేములు తీయడం మామూలైంది. 2020 నుంచి పక్షి కన్నును తామే గుర్తుపట్టి వెంటాడే కెమెరాలూ వచ్చేశాయి.

వీటన్నిటికీ విలువ తెచ్చిన సంఘటన 2003లో జరిగింది. న్యూజిలాండ్ స్టార్మ్ పెట్రెల్ అనే చిన్న సముద్రపక్షి గురించి అప్పటికి తెలిసిందల్లా పంతొమ్మిదో శతాబ్దంలో సేకరించిన మూడు నమూనాలే. ఆ జాతి అంతరించిందనే అనుకున్నారు. ఆ ఏడాది జనవరిలో ఉత్తర దీవి తీరానికి ఆవల పడవలోంచి ఒక పక్షిని ఫోటో తీశారు. నవంబరులో హౌతురు దీవి వైపు సముద్రంలో ఆ పక్షులు మళ్లీ కెమెరాకు చిక్కాయి. ఫోటోల్లోని గుర్తులను పాత నమూనాలతో పోల్చి చూశారు. పక్షి బతికే ఉందని తేలింది. 2013లో హౌతురులోనే అవి గూడుకట్టే చోటు కూడా దొరికింది. అలల మధ్య రెప్పపాటులో మాయమయ్యే పక్షి విషయంలో, కంటితో చూశానన్న మాటకు దొరకని నమ్మకం ఫోటోకు దొరికింది.

మన తీరంలోనూ పులికాట్ దగ్గర, గోదావరి ముఖద్వారాల్లో చలికాలమంతా గోధుమతల సీగల్స్ కనిపిస్తాయి. హిమాలయాలకు ఆవలి ఎత్తైన సరస్సుల దగ్గర గూడుకట్టి ఇక్కడికి దిగివస్తాయి. వాటిని తప్పకుండా ఫోటో తీయండి. దగ్గరికి రప్పించడానికి చిరుతిళ్లు మాత్రం విసరకండి. తీసిన ప్రతి ఫోటోకు తేదీ, చోటు రాసిపెట్టండి. ఆ రెండూ లేని ఫోటో పక్షి శాస్త్రానికి అక్కరకు రాదు.