పదునుకూ గంటకూ నడుమ

ఒక జూన్ నెలలో, పెనుకొండ బస్టాండులో మా దూరపు బంధువుల అబ్బాయి ఎదురుపడ్డాడు. ఆ చుట్టుపక్కలే ఒక కార్ల విడిభాగాల కర్మాగారంలో మూడేళ్ళుగా పని చేస్తున్నాడు. "ఏమప్పా, సేద్యం ఎట్లుంది?" అని అడిగాను.

"రాత్రి వాన గట్టిగా పడిందంట మామా, నాకు తెలీనే లేదు. లోపల మిషన్ల సద్దులో ఏమి ఇనపడ్తాది? పొద్దున బస్సు దిగి కాలు పెడితే బురద. అప్పుడు తెలిసె" అన్నాడు.

అనంతపురం మనిషికి వాన పడిన సంగతి తెలియకపోవడమా! ఆ మాట చాలా రోజులు నన్ను వదలలేదు. ఈ టపా రాయడానికి అదే కారణం.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల మాది. అది కూడా సమయానికి కురిస్తే. మా వాళ్ళకు పనివేళ నిర్ణయించేది గడియారం కాదు, పదును. నేల తడిసి, విత్తనం వేయడానికి తగినట్లు మెత్తబడిన ఆ రెండు మూడు రోజులూ ఇంట్లో పెళ్ళి ఉన్నా ఆగవలసిందే. పదును తప్పితే వేరుశనగ తప్పినట్లే. వేరుశనగ తప్పితే బెంగుళూరు బండి ఎక్కవలసిందే.

వాన రానప్పుడు పని ఎవరివ్వాలి? ఈ ప్రశ్నకు మా ప్రాంతంలో నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1876లో మొదలైన మహాక్షామాన్ని జనం సంవత్సరం పేరుతో ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, ఇదంతా బళ్ళారి జిల్లాలోనిది. 1882లో గదా మనం విడివడింది! కరువు పనుల్లో రాళ్ళు కొట్టి, మట్టి మోసినవారికి 1877 తొలి నెలల్లో సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించే ఉద్దేశంతో ఒక కూలి నిర్ణయించాడు. మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా కాదు. అది ఒంటిలో ప్రాణం నిలపడానికి చాలదని మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనరు కార్నిష్ వాదించాడు. చివరకు ఆ ఏడాదే కూలి పెంచారు. ఆలోగా ఎందరు పోయారో! మనిషి ఎంత పని చేయగలడన్నది కాక, ఎంత తక్కువ తిని బతకగలడన్నది అక్కడ కొలత అయింది.

మరి 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో, ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశమంతటికీ ఉద్దేశించిన పథకానికి మా కరువు పల్లెను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. గ్రామీణ కుటుంబానికి ఏడాదికి నూరు రోజుల పనిని ఆ చట్టం హక్కుగా చెప్పింది. దయగా ఇచ్చిన పని హక్కుగా మారడానికి సుమారు నూట ముప్ఫై ఏళ్ళు పట్టిందన్నమాట.

కర్మాగారం కథ వేరు. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కార్ల పరిశ్రమ పెట్టడానికి 2017 ఏప్రిల్‌లో కొరియా సంస్థ కియాకూ రాష్ట్ర ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. 2019 జనవరిలో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. ఆగస్టులో తొలి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ మీదుగా గొల్లపల్లి జలాశయానికి చేరిన కృష్ణ నీళ్ళు లేకపోతే ఇది జరిగేది కాదు. అనుబంధ సంస్థలు వెంట వచ్చాయి. కొరియా భోజనశాలలు వెలిశాయి. 2022 ఏప్రిల్‌లో పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళినా, మా అందరి నోటా అది అనంతపురమే.

ఇక్కడ మొదటిసారిగా పనిని నడిపేది కరువు కాదు. ఆకలిగొన్న మనుషుల కోసం పని సృష్టించడం కాదు, పనికి తగిన మనుషుల కోసం వెతకడం. ఈ తేడాను మా వాళ్ళు వెంటనే గుర్తించారు. ఐటీఐ చదివిన పిల్లవాడికి సంబంధాలు వస్తున్నాయంటే అదే గదా!

అబ్బాయిని లోపలి పని గురించి అడిగాను. ఒకే చోట నిలబడి, ఒకే రకం బోల్టులు, షిఫ్టంతా. మొదటి నెల నిద్రలో కూడా వేళ్ళు కదిలేవట. చెవులకు బిరడాలు, కాళ్ళకు ఇనుప ముక్కు బూట్లు. "తొలి వాన పడినప్పుడు మాయమ్మ ఫోను చేసె. పదునయింది, రెండు దినాలు రారా అని. లైను ఆగదు గదా మామా. ట్రాక్టరు బాడిగ, ఇత్తనాల దుడ్లు ఫోనులోనే పంపిస్తి" అన్నాడు.

నాకు కొత్తగా తోచింది ఇదే. కర్మాగారం సేద్యాన్ని మింగేస్తుందని కొందరూ, సేద్యం నుంచి విముక్తి అని కొందరూ అంటారు. ఆ ఇంట్లో రెండూ జరగలేదు. గంట కొట్టి చేసిన పనికి వచ్చిన జీతం, పదును కోసం కాచుకున్న నాలుగెకరాలను బతికిస్తోంది. తల్లి విత్తుతోంది, కొడుకు చెల్లిస్తున్నాడు. పొలం మాత్రం కొడుకు కాలు మోపకుండానే ఆ ఏడు పచ్చబడింది.

"ఉద్యోగం గట్టిదేనా?" అన్నాను చివరగా. బస్సు వచ్చింది. సంచి భుజాన వేసుకుంటూ, "కాంట్రాక్టు మామా. మార్చి వస్తే మళ్ళా రాసిస్తారో లేదో చూడల్ల" అన్నాడు.

మార్చి కోసం ఎదురుచూసే ఆ చూపు నాకు కొత్తది కాదు. జ్యేష్ఠంలో మబ్బు కోసం పడమటి దిక్కుకు చూస్తూ మా తాత నిలబడినప్పుడు, చిన్నతనంలో చాలాసార్లు చూశాను.