మూడో రాడ్

మే నెల మిట్టమధ్యాహ్నం. పెడన దాటి గుడ్లవల్లేరు వైపు వెళ్తుండగా అన్నయ్య స్విఫ్ట్ కింద సుత్తితో కొట్టినట్టు ఒకే ఒక్క చప్పుడు. వెనక రోడ్డంతా నల్లటి ఆయిల్ చార. ఇంజన్ బ్లాక్‌కు అరచెయ్యంత బొక్క. అన్నయ్య మాట్లాడకుండా వెళ్లి కాలవ గట్టు మీద కూర్చున్నాడు.

నాగాయలంక రొయ్యల చెరువులో తొలి పంట డబ్బుతో కొన్న కారు. 1248 సీసీ డీజిల్, 75 హార్స్‌పవర్. ఎక్కడానికి గుట్ట కూడా లేని మా సీమకు అది చాలు. కానీ లారీని దాటేటప్పుడు వీపును సీటుకు అదిమే పికప్ కావాలని అన్నయ్యకు మహా కోరిక. టర్బో వేస్ట్‌గేట్ రాడ్‌ను మూడు చుట్లు బిగించారు. రైల్ ప్రెషర్ తక్కువుందని కంప్యూటర్‌ను నమ్మించే డబ్బా ఒకటి పెట్టారు. గాలీ పెరిగింది, డీజిలూ పెరిగింది. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, గాస్కెట్ మాత్రం కంపెనీవే.

డబ్బా పెట్టించిన సాయంత్రం బందరు నుంచి చల్లపల్లి దాకా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తోలాడు. అన్నయ్య అంతగా నవ్వడం మళ్లీ చూడలేదు.

నెలకే క్లచ్ జారింది. పాపం, తను అరిగి రాడ్లను కాచింది. మేం గట్టి క్లచ్ వేయించాం. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు కరకట్ట మీద టార్చిలైట్లతో ఎలుక బొరియలు వెతికినవాళ్లం మేం. ఒకచోట బస్తాలేస్తే నీళ్లు ఇంకోచోట దారి చూసుకుంటాయని మాకు వేరే చెప్పాలా!

టాప్ గేర్లో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా తొక్కడం అన్నయ్య అలవాటు. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ నిండా పడితే మంట దెబ్బంతా రాడ్ నెత్తినే. ఐడిల్‌లో వణుకు మొదలైనా ఎండ వల్లే అనుకున్నాం.

మెకానిక్ రాడ్లు విప్పి వెలుతురుకు పట్టి చూపించాడు. రెండోది రెండు ముక్కలు. మూడోది సన్నగా వంగి ఉంది. ఎన్నాళ్లుగా అలా వంగే మమ్మల్ని మోసిందో. "కంపెనీవాడు ఆ కాస్త వెసులుబాటు వదిలింది ఎండలకి, కల్తీ డీజిల్‌కి, అయిదుగురెక్కిన రోజుకి బాబూ. మీరది పికప్‌కి వాడేశారు" అన్నాడు మెల్లగా.

కారు అమ్మినా ఇంజన్ మార్చే ఖర్చు రాదు. గుడివాడలో తుక్కు కింద ఇచ్చేశాం. మూడో రాడ్‌ను మాత్రం అన్నయ్య తువ్వాలులో చుట్టి తెచ్చుకున్నాడు. చెరువు గట్టు షెడ్డులో, మేత తూచే కాటా పక్కన మేకుకు తగిలించాడు.